గ్యాస్ కొట్టే ముందు లీకు వెతికే షాపు: ఆటోనగర్‌లో నా బండి ఏసీ రిపేరు

విశాఖలో కారు ఏసీ రిపేరుకి ఎక్కడికి వెళ్ళాలని మా టాక్సీ స్టాండులో ఎవరడిగినా ఈ మధ్య నేను ఒకే చోటు చెబుతున్నాను. గాజువాక ఆటోనగర్‌లో, లేత్ వర్క్‌షాపుల మధ్య ఒక రేకుల షెడ్డు. పెద్దాయన ఒక మేస్త్రి గారు, ఇద్దరు కుర్రాళ్ళు, అంతే. ఏసీ, రేడియేటర్ పని తప్ప వేరే పని ముట్టుకోరు. షాపు పేరూ నంబరూ ఎక్కడా రాయొద్దని ఆయనే అడిగారు. ఫోన్లు ఎక్కువైతే చేతిలో ఉన్న పని చెడుతుందట. అందుకని ఆయన పని చేసే పద్ధతి రాస్తున్నాను. మీ పక్కన ఎవరైనా ఇలాగే చేస్తుంటే ధైర్యంగా బండి అప్పజెప్పండి.

నేను సొంత బండి మీద టూరిస్టు ట్రిప్పులు వేస్తాను. అరకు, భీమిలి, అన్నవరం, ఎయిర్‌పోర్టు పికప్పులు. పెట్రోల్ సెడాన్, ఎల్లో బోర్డు. మే నెలలో ఏసీ సరిగ్గా లేని బండిలో ముసలివాళ్ళనీ చంటిపిల్లల్నీ కూర్చోబెట్టి తీసుకెళ్ళడం నాకు మనసొప్పదు. మన ఊళ్ళో ఎండ డిగ్రీలు విజయవాడ అంత ఉండకపోవచ్చు, కానీ ఉక్కపోత వేరు. గాలిలో ఉన్న తేమనంతా కూలింగ్ కాయిల్ నీళ్ళుగా మార్చాలి, ఆ పైన గాలిని చల్లబరచాలి. అందుకే ఇక్కడ ఏసీ మీద భారం ఎక్కువ. ఆగిన బండి కింద మడుగు కడితే కొంతమంది కంగారు పడతారు. అది ఉత్త నీరైతే మంచిదే, కాయిల్ పనిచేస్తోందని అర్థం. ఆ నీళ్ళు కింద పడకుండా లోపల ముందు సీటు మ్యాట్ మీదకి వస్తేనే డ్రెయిన్ పైపు మూసుకుపోయిందని అనుమానించాలి.

నా బండి సమస్య ఇదీ. హైవే మీద చల్లగానే ఉండేది. మద్దిలపాలెం, గురుద్వారా, హనుమంతవాక సిగ్నళ్ళ దగ్గర ఆగితే రెండు నిమిషాల్లో గాలి గోరువెచ్చగా మారిపోయేది. శృంగవరపుకోట దాటి ఘాట్ ఎక్కుతుంటే టెంపరేచర్ ముల్లు సగం దాటి పైకి పాకేది. ఏసీ ఆపితే దిగేది. సిటీలో ఒక షాపులో చూపిస్తే బానెట్ తెరిచి, ఒక ట్యూబు తగిలించి, "గ్యాస్ తక్కువుందన్నా" అని కొట్టేశారు. లీకు చూడలేదు, తూకం వేయలేదు. వారం బాగుంది. తర్వాత సిగ్నల్ దగ్గర ఇంకా వేడిగా రావడం మొదలైంది. ఏడాది లోపల ఇలాంటి గ్యాస్ ఖర్చు నాకది మొదటిది కాదు.

ఆటోనగర్ మేస్త్రి గారు బానెట్ తెరవకముందే అడిగిన మొదటి ప్రశ్న: "ఏటి తమ్ముడూ, బండి నడుస్తున్నప్పుడు చల్లగుంటాదా, ఆగినప్పుడు కూడా ఉంటాదా?" నేను చెప్పింది విని, "అయితే ముందు గాలి సంగతి చూద్దాం, తర్వాత గ్యాసు" అన్నారు. పెట్రోల్ లాగా గ్యాస్ ఖర్చైపోయే వస్తువు కాదు. అది మూసిన గొట్టాల్లో తిరుగుతూనే ఉంటుంది. తగ్గిందంటే ఏదో ఒక చోటి నుంచి బయటికి పోయినట్టే. ఆ చోటు పట్టుకోకుండా కొట్టిన గ్యాస్ మళ్ళీ అక్కడి నుంచే పోతుంది.

తర్వాత మీటర్లు తగిలించారు. నీలం ట్యూబు లో సైడుకి, అంటే గ్యాస్ తక్కువ ప్రెషర్‌లో ఉండే వైపు; ఎరుపు ట్యూబు హై సైడుకి, అంటే ఎక్కువ ప్రెషర్ వైపు. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు రెండు ముళ్ళూ ఒకే చోట, వంద పీఎస్ఐకి (ప్రెషర్ కొలత) దగ్గర్లో నిలబడ్డాయి. అది చూపించి ఆయన చెప్పిన మాట చాలామంది మెకానిక్కులు కూడా వినాల్సింది. ఈ బండి ఏసీలో ఉండే ఆర్-134ఏ గ్యాస్ లోపల కొంచెం ద్రవంగా మిగిలి ఉన్నంత వరకు, ఇంజన్ ఆపినప్పుడు ప్రెషర్ వాతావరణం వేడిని బట్టే ఉంటుంది, బరువుని బట్టి కాదు. 200 గ్రాములున్నా 400 గ్రాములున్నా 30 డిగ్రీల దగ్గర ముల్లు చూపించేది దాదాపు అదే అంకె. కాబట్టి ఆగిన బండికి మీటరు పెట్టి "గ్యాస్ ఫుల్లుగా ఉంది" అనేవాళ్ళ మాట నమ్మక్కర్లేదు.

ఇంజన్ స్టార్ట్ చేసి ఏసీ వేశారు. ఎర్ర ముల్లు 200 దాటింది, 250 దాటింది, 300 కూడా దాటి ఇంకా పైకి పోతోంది. ముందున్న ఫ్యాన్ కదలడం లేదు. అప్పుడాయన కుర్రాడికి సైగ చేశారు. వాడు ఒక బకెట్ నీళ్ళు తెచ్చి, గ్రిల్లు సందులోంచి కండెన్సర్ (గ్యాస్ వేడిని బయటి గాలికి వదిలే ముందు జాలీ) మీద మెల్లగా పోశాడు. నేను మీటరు మీద నుంచి కళ్ళు తిప్పలేదు. నీళ్ళు పడిన క్షణం నుంచి ఎర్ర ముల్లు జారడం మొదలైంది, అలా జారి 220 దగ్గర ఆగింది. లోపల డ్యాష్‌బోర్డు గాలిలో చెయ్యి పెట్టి చూస్తే సిగ్నల్ దగ్గర ఎప్పుడూ రాని చల్లదనం. నీళ్ళు ఆరిపోగానే ముల్లు మళ్ళీ ఎక్కింది. కంప్రెసర్ బాగానే ఉంది, కండెన్సర్ మీద వేడి బయటికి పోవడం లేదు. ఏ కంప్యూటరూ లేకుండా, ఒక్క బకెట్‌తో తేల్చేశారు. అంతకు ముందు ఒకచోట "కంప్రెసర్ పోయింది, మార్చాలి" అన్నారు నాతో. ఆ ఖర్చు తలచుకుంటే ఈ బకెట్ విలువ నాకు తెలుసు.

ఫ్యాన్ ఎందుకు తిరగలేదో టెస్ట్ బల్బు పెట్టి చూశారు. ఈ బండి ఫ్యాన్‌కి రెండు స్పీడులు. చిన్న స్పీడుకి కరెంటు, దాన్ని తగ్గించే ఒక రెసిస్టర్ గుండా వెళ్ళాలి. అది కాలిపోయింది. ఏసీ వేసిన వెంటనే తిరగాల్సిన చిన్న స్పీడు లేదు. ఇంజన్ బాగా వేడెక్కాకో, ప్రెషర్ మరీ పెరిగాకో పెద్ద స్పీడు మాత్రం ఒక్కసారిగా హోరుమని మొదలవుతుంది. ఆ హోరు నేను చాలా రోజులుగా వింటున్నాను, ఫ్యాన్ పనిచేస్తోందనే అనిపించేది. ఘాట్ మీద ఇంజన్ వేడెక్కడానికీ ఇదే కారణం. కండెన్సర్ రేడియేటర్‌కి ముందు ఉంటుంది, దాని వేడి గాలే రేడియేటర్‌కి వెళుతుంది. హైవే మీద ఎదురుగాలి వల్ల ఇదేమీ తెలియదు. సెకండ్ గేర్‌లో గాలికొండ వైపు ఎక్కుతున్నప్పుడు ఆ ఎదురుగాలి ఉండదు, ఇంజన్ మీద బరువు మాత్రం పూర్తిగా ఉంటుంది.

రెసిస్టర్ మార్చి పంపేసినా నేను సంతోషంగానే వెళ్ళేవాణ్ణి. ఆయన పంపలేదు. రికవరీ మెషీన్ పెట్టి లోపలి గ్యాస్ అంతా సిలిండర్‌లోకి లాగి తూకం వేశారు. బానెట్ కింద స్టిక్కర్ మీద ఉండాల్సిన బరువు రాసి ఉంటుంది. లోపల దానికంటే వంద గ్రాములకు పైనే ఎక్కువుంది. కొలత లేకుండా కొట్టిన గ్యాస్ అది. ఎక్కువైతే చల్లదనం పెరగదు, తగ్గుతుంది. కండెన్సర్‌లో ద్రవం నిండిపోయి వేడి పోయే చోటు తగ్గిపోతుంది, హై సైడు ప్రెషర్ పెరిగి కంప్రెసర్ మీద, మైలేజీ మీద పడుతుంది. ఇక ఆ గ్యాస్‌ని గాలిలోకి వదిలేయకుండా సిలిండర్‌లోకి లాగడం నాకు బాగా నచ్చింది. ఆర్-134ఏ ఓజోన్ పొరని దెబ్బతీయదు గానీ, వందేళ్ళ లెక్కన కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,400 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. చాలా చోట్ల నట్టు వదులు చేసి బుస్సుమని వదిలేస్తారు, నేను చూశాను.

తర్వాత లీకు పట్టడానికి నైట్రోజన్ నింపి సబ్బు నురగ పూశారు. కండెన్సర్ కింది మూలలో నల్లటి జిడ్డు మరక ఒకటి ఉంది. మేస్త్రి గారు ఆ మరకని వేలితో చూపించి, "ఆయిలు ఉన్న చోటే గ్యాసు పోతున్నాది" అన్నారు. కంప్రెసర్ ఆయిల్ గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది కాబట్టి లీకున్న చోట ఆయిల్ కూడా చెమ్మగా బయటికి వచ్చి దుమ్ము పట్టేస్తుంది. నురగ పూశాక అక్కడే ఆవగింజంత బుడగలు ఒకదాని వెనక ఒకటి లేచాయి. చుట్టూ ఫిన్స్ (కండెన్సర్ సన్నని రేకులు) మీద తెల్లటి పొడి, వేలు పెడితే రాలిపోతున్నాయి. అల్యూమినియాన్ని ఉప్పుగాలి తినేసింది. బీచ్ రోడ్డు, ఋషికొండ, భీమిలి తిరిగే బండ్లన్నింటికీ ఇదే గతి అంటున్నారు. రాత్రి సముద్రానికి ఎదురుగా పార్కింగ్ చేసేవాళ్ళు వారానికోసారి గ్రిల్లు ముందు నుంచి మంచినీళ్ళతో మెల్లగా కడగండి. ప్రెషర్ వాషర్ దగ్గరగా పెట్టి కొడితే ఫిన్స్ వంగిపోయి గాలి అసలు పోదు.

కండెన్సర్ కంపెనీదా, బయటిదా అని నన్నే అడిగారు. ధరలో దాదాపు రెట్టింపు తేడా. ఘాట్ తిరిగే బండి కాబట్టి కంపెనీదే వేయించాను. దానితో పాటు గ్యాస్‌లో తేమ పీల్చే డ్రయ్యరు, విప్పిన ప్రతి జాయింటుకీ కొత్త ఓ-రింగు. పాత కండెన్సర్‌లో ఉండిపోయిన ఆయిల్‌కి బదులు పీఏజీ 46 అనే కంప్రెసర్ ఆయిల్ కొలగ్లాసులో పోసి చూపించి మరీ వేశారు. ఈ ఆయిల్ గాలిలో తేమని తాగేస్తుంది, అందుకే డబ్బా మూత వెంటనే బిగించేస్తారు. మా స్టాండులో ఎలక్ట్రిక్ బండ్లు కొన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి: కరెంటుతో నడిచే కంప్రెసర్‌కి చాలావరకు వేరే రకం ఆయిల్, పీఓఈ వాడతారు. దానిలో పీఏజీ కొంచెం కలిసినా ఇన్సులేషన్ దెబ్బతిని కంప్రెసర్ మొత్తం పోవచ్చు. ఏ షాపుకి వెళ్ళినా ముందు ఏ ఆయిల్ వేస్తారో అడగండి.

వ్యాక్యూమ్ పంపు అరగంటకు పైనే నడిచింది. లోపల తేమ మిగిలితే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ (గ్యాస్ ప్రెషర్ ఒక్కసారిగా తగ్గి చల్లబడే సన్న రంధ్రం) దగ్గర మంచు కడుతుంది, గ్యాస్‌తో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. వ్యాక్యూమ్‌లో నీళ్ళు మామూలు వేడికే మరిగి ఆవిరై బయటికి వచ్చేస్తాయి. పంపు ఆపి, ముల్లు కదలకుండా ఉందో లేదో ఇంకాసేపు చూసి, అప్పుడు త్రాసు మీద సిలిండర్ పెట్టి స్టిక్కర్ మీదున్నంతే వేశారు. బయట 34 డిగ్రీలు, బండి నిలబడే ఉంది, లోపల గాలి దగ్గర థర్మామీటర్ 8 చూపించింది. ఎర్ర ముల్లు 210 దగ్గర నిలకడగా ఉంది.

చివర్లో రేడియేటర్ మూతని చిన్న పంపుకి తగిలించి చూశారు, ప్రెషర్ నిలవడం లేదు. ఆ మూతని మనం పట్టించుకోం గానీ, లోపల ప్రెషర్ నిలిస్తేనే కూలెంట్ వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటుంది. మూత మార్చి, కూలెంట్ డిస్టిల్డ్ వాటర్‌తో సగం సగం కలిపి పోశారు. బోరు నీళ్ళు మాత్రం పోయొద్దన్నారు, గొట్టాల్లో సున్నం కడుతుంది. ఇంజన్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి, ఆయిల్ మూత లోపల పాలమీగడ లాంటిదేమైనా ఉందేమో చూశారు. ఉంటే కూలెంట్ ఆయిల్లో కలుస్తుండొచ్చని, హెడ్ గ్యాస్కెట్ (ఇంజన్ పై భాగం కింద ఉండే సీలు) చూపించుకోవాలని అర్థం. నా బండికి లేదు. ఆయిల్ మార్పు తన పని కాదని, ఎప్పుడూ చేయించే చోటే చేయించుకోమన్నారు.

అంతా కలిపి 9 వేల చిల్లర అయింది. ఆ తర్వాత ఎండాకాలం సీజనంతా అరకు తిరిగాను, ఘాట్‌లో ముల్లు సగం దాటలేదు, సిగ్నళ్ళ దగ్గర వెనక సీటు నుంచి "ఏసీ పెంచండి బాబూ" అన్న మాట వినలేదు.

లోటుపాట్లు కూడా చెప్పాలి. రోజంతా పోతుంది. కూర్చోడానికి చోటు లేదు, రేకుల కింద మధ్యాహ్నం నిలబడలేం. ఇన్వర్టర్ లేదు, కరెంటు పోతే వ్యాక్యూమ్ పంపు ఆగిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి. నా రోజున అదే జరిగింది. చేత్తో రాసిన చీటీ తప్ప జీఎస్టీ బిల్లు ఇవ్వరు. కంపెనీలకు బండ్లు తిప్పేవాళ్ళకి ఇది నిజంగా ఇబ్బంది, ఆయన దీన్ని సరిచేసుకోవాలి. క్యాబిన్ ఫిల్టర్ల స్టాకు ఉండదు, నేను వేరే చోట కొని తెచ్చుకున్నాను. వానాకాలంలో ఆ సందులో బురద ఎక్కువ.

లీకు ఆపే మందు డబ్బాలు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నారు, అది పోసిన బండిని ఆయన మెషీన్‌కి తగిలించరు. ఆ జిగురు మెషీన్‌లోకి వెళితే అదీ పాడవుతుంది. ముందే చెప్పండి, దాచొద్దు. చలికాలంలో కూడా వారానికోసారి పది నిమిషాలు ఏసీ వేయమంటారు, కంప్రెసర్ సీలుకి ఆయిల్ అందక ఎండిపోకుండా. ఆదివారం తెరవరు. వేడి మీద రేడియేటర్ మూత ఆయన తెరవరు, ఇంజన్ చల్లబడే వరకు ఆగాలి, అందుకని పొద్దున్నే వెళ్ళండి. ఇంతకు ముందు గ్యాస్ కొట్టించిన చీటీలు ఏమైనా ఉంటే వెంట తీసుకెళ్ళండి, ఎప్పుడు, ఎన్ని గ్రాములు వేశారో ఆయన తప్పకుండా అడుగుతారు.