థెరపిస్టు కావాలంటే మాస్టర్సా, సైడీయా, పీహెచ్‌డీయా?

అమెరికాలో థెరపీ చేయాలంటే డాక్టరేట్ (పీహెచ్‌డీ గానీ, చికిత్సకే పెద్దపీట వేసే సైడీ అనే సైకాలజీ డాక్టరేట్ గానీ) ఉండాల్సిందే అనుకునేవాళ్లు చాలామంది. అక్కర్లేదు. కౌన్సెలింగ్‌లో మాస్టర్స్ చేసి, సీనియర్ల పర్యవేక్షణలో కొన్ని వేల గంటలు పనిచేసి, పరీక్ష పాసైతే ఆ రాష్ట్రం లైసెన్స్ ఇస్తుంది. కేక్రెప్ (కౌన్సెలింగ్ కోర్సులకు గుర్తింపునిచ్చే సంస్థ) గుర్తింపు ఉన్న కోర్సయితే 60 క్రెడిట్లు, 100 గంటల ప్రాక్టికం (పర్యవేక్షణలో తొలి శిక్షణ), 600 గంటల ఇంటర్న్‌షిప్. అందులో కనీసం 240 గంటలు నేరుగా క్లయింట్లతోనే గడపాలి. చదువు రెండు మూడేళ్లలో అయిపోతుంది. అసలు కష్టం ఆ తర్వాతే. పూర్తి లైసెన్స్ వచ్చేదాకా జీతం అంతంతమాత్రం.

క్లినికల్ సైకాలజీ పీహెచ్‌డీ వేరే లోకం. 1949లో అమెరికాలోని బౌల్డర్‌లో జరిగిన సదస్సు సైకాలజిస్టు పరిశోధకుడిగానూ ఉండాలి, చికిత్సకుడిగానూ ఉండాలి అని ఖరారు చేసింది. నేటికీ చాలా యూనివర్సిటీలది అదే పద్ధతి. చాలా చోట్ల ఫీజు ఉండదు, పైగా స్టైపెండ్ ఇస్తారు. కానీ సీట్లు వేళ్ల మీద లెక్కపెట్టాల్సిందే, మీ ఆసక్తి ఫలానా ప్రొఫెసర్ పరిశోధనతో కలవకపోతే పిలుపే రాదు. మనుషుల మాట వినడం ఇష్టమే గానీ స్టాటిస్టిక్స్ అంటే టెన్షన్ అనేవాళ్లకి ఆ ఐదారేళ్లు నరకం.

ఆ బాధ లేకుండా డాక్టరేట్ ఇద్దామని 1968లో ఇల్లినాయ్ యూనివర్సిటీ సైడీ మొదలుపెట్టింది. చివరికి వచ్చేది పీహెచ్‌డీ వాళ్లకొచ్చే సైకాలజిస్టు లైసెన్సే, రాసేది అదే ఈపీపీపీ పరీక్ష. చిక్కల్లా డబ్బు దగ్గరే. చాలా చోట్ల ఫీజంతా విద్యార్థే కట్టుకోవాలి.

నా ఉద్దేశంలో, చేయాలనుకున్నది థెరపీ ఒక్కటే అయితే మాస్టర్స్ చాలు. పేరు ముందు డాక్టర్ అన్న మాట కోసం సైడీ అప్పు నెత్తిన పెట్టుకోవడం దండగ. ఐక్యూ, న్యూరోసైకాలజీ పరీక్షలు చేసి రిపోర్టులు రాయాలనుకుంటే మాత్రం డాక్టరేట్ వైపే వెళ్లాలి. పరిశోధన కూడా ఇష్టమైతే పీహెచ్‌డీకి ఒకటికి రెండుసార్లు ప్రయత్నించినా నష్టం లేదు.

సైడీకే వెళ్తానంటే, ఏపీఏ (అమెరికన్ సైకలాజికల్ అసోసియేషన్) గుర్తింపు ఉన్న ప్రతి కోర్సూ తన లెక్కలు బయటపెట్టి తీరాలని గుర్తుంచుకోండి: ఎంత ఖర్చు, ఎందరు మధ్యలో మానేశారు, ఎందరికి ఇంటర్న్‌షిప్ దొరికింది, ఎందరికి లైసెన్స్ వచ్చింది. బ్రోచర్ కంటే ముందు అవి చదవండి. మాస్టర్స్ అయితే, మీరు స్థిరపడబోయే రాష్ట్రం ఆ కోర్సును ఒప్పుకుంటుందో లేదో లైసెన్స్ బోర్డునే అడగండి, కాలేజీ వాళ్లని కాదు.