తెరుచుకోని అటాచ్‌మెంట్లూ లిబ్రేఆఫీసూ: ఒక సావనీరు సంపాదకురాలి రివ్యూ

మా తెనాలి కాలేజీ పూర్వ విద్యార్థుల సావనీరుకు వ్యాసాలు అడిగితే పంపనివాళ్లు తక్కువ. తెరుచుకునేలా పంపేవాళ్లు ఇంకా తక్కువ. ఒకాయన మాక్‌బుక్‌లో రాస్తాడు, ఒకావిడ ఆఫీసు అవుట్‌లుక్ నుంచి పంపుతుంది, రిటైరైన మాస్టార్లు వీధి చివరి డీటీపీ సెంటర్లో టైపు చేయించి ఆ కుర్రాడి చేతే మెయిల్ పెట్టిస్తారు. నా దగ్గరున్నది విండోస్ 10 ల్యాప్‌టాప్. అందులో డబ్బు కట్టి కొన్న వర్డ్ లేదు, కొనే ఉద్దేశమూ లేదు. అలాంటి చోట, వర్డ్, ఎక్సెల్, పవర్‌పాయింట్ల పని చేసే లిబ్రేఆఫీస్ అనే సాఫ్ట్‌వేర్ ఎంతవరకు పనికొస్తుందో చెబుతాను. నా మార్కులు పదికి ఎనిమిది. తెలుగు లెక్చరర్‌గా ఉన్నన్నాళ్లూ ఎవరికీ తొమ్మిది వేయలేదు కాబట్టి ఎనిమిదంటే మంచి మార్కులే.

ఇది ఉచితం. 2010లో ఓపెన్ఆఫీస్ అనే ఇలాంటి సాఫ్ట్‌వేర్ నుంచి విడిపోయి వచ్చింది. డాక్యుమెంట్ ఫౌండేషన్ అనే లాభాపేక్ష లేని సంస్థ చూసుకుంటుంది. డౌన్‌లోడ్ సుమారు 350 ఎంబీ. లిబ్రేఆఫీస్ డాట్ ఆర్గ్ నుంచే దించుకోండి, గూగుల్‌లో పైన వచ్చే ప్రకటనల జోలికి పోవద్దు.

మామూలు వర్డ్ ఫైళ్లు, ఎక్సెల్ షీట్లు, పవర్‌పాయింట్లు ఇబ్బంది లేకుండా తెరుస్తుంది. కాలిబ్రి, కాంబ్రియా ఫాంట్లు మన దగ్గర లేకపోయినా వాటి కొలతలకే చేసిన కార్లిటో, కలాడియా ఫాంట్లు దీనితో పాటే వస్తాయి. అందుకని ఇంగ్లీషు పేజీల్లో లైన్లు పెద్దగా అటూఇటూ కావు. తెలుగుకు ఆ సౌకర్యం లేదు. గౌతమి అనే తెలుగు ఫాంటులో టైపు చేసింది ఇంకో ఫాంటులో తెరుచుకుంటే మూడు పేజీల వ్యాసం నాలుగు పేజీలవుతుంది. అయినా అక్షరాలు అక్షరాల్లాగే ఉంటాయి. నాకు కావలసిందీ అదే.

అసలు గొడవ డీటీపీ సెంటర్లు వాడే 'అను' అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లతో. డీటీపీ సెంటర్ నుంచి వచ్చిన ఫైలు తెరుచుకుంటుంది. తీరా చూస్తే లోపల తెలుగు ఉండదు, నెత్తిన చుక్కలూ గీతలూ పెట్టుకున్న ఇంగ్లీషు అక్షరాలు బారులు తీరి ఉంటాయి. ఫైలు పాడైందనుకుని మళ్లీ పంపమంటే మళ్లీ అదే వస్తుంది. ఫోన్ చేస్తే ఆ కుర్రాడు "మా సిస్టంలో బాగానే ఉంది మేడమ్" అంటాడు. అతను చెప్పింది నిజమే. ఆ పద్ధతిలో కంప్యూటర్ దృష్టికి అవి ఇంగ్లీషు అక్షరాలే, ఫాంటు వాటికి తెలుగు వేషం వేస్తుంది. వేషం సామాను నా దగ్గర లేకపోతే కట్టుబట్టలతో స్టేజీ ఎక్కేస్తాయి. యూనికోడ్ అనే పద్ధతిలో అయితే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరుంది కాబట్టి ఏ ఫాంటు పెట్టినా క కకారంగానే ఉంటుంది.

లిబ్రేఆఫీస్ దీన్ని బాగు చేయలేదు. రోగం ఏమిటో మాత్రం చెప్పేస్తుంది, నాకు నచ్చిన సంగతి ఇదే. ఆ పిచ్చిగీతల మధ్య కర్సర్ పెట్టి పైన ఫాంటు పేరు కనిపించే పెట్టె చూడండి. ఆ ఫాంటు మన మెషీన్లో లేకపోతే పేరు ఇటాలిక్‌లో, వాలుగా కనిపిస్తుంది. వాలిన పేరులో అను అని ఉంటే ఇక డౌన్‌లోడ్లూ, రీస్టార్టులూ, వైరస్ స్కానులూ ఏవీ అక్కర్లేదు. పంపినవాళ్లను పీడీఎఫ్ అడగాలి. పీడీఎఫ్‌లో ఫాంటు లోపలే కూర్చుని వస్తుంది కాబట్టి చదువుకోవచ్చు. అందులోంచి కాపీ చేసి పేస్టు చేస్తే మాత్రం మళ్లీ పాత గీతలే. వ్యాసాన్ని దిద్దాలంటే అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్లు ఉన్నాయి, వాటి గుండా పంపించాలి. తర్వాత ఒత్తులూ, అంకెలూ, కొటేషన్ గుర్తులూ కూర్చుని సరిచూసుకోవాలి. ఆ చాకిరీ తప్పించే సాఫ్ట్‌వేర్ నాకింకా కనిపించలేదు.

డీటీపీ వాళ్లు పేజీలు కూర్చే పేజ్‌మేకర్ ఫైళ్లను కూడా ఇది తెరుస్తుందంటే మొదట నేను నమ్మలేదు. డ్రా అనే భాగంలో తెరుచుకుంటాయి. బొమ్మలు, గీతలు, డబ్బాలు చాలావరకు ఉన్నచోటే ఉంటాయి. అను లేకపోతే తెలుగు గతి మాత్రం పైన చెప్పినదే. మైక్రోసాఫ్ట్ పబ్లిషర్ ఫైళ్లూ తెరుచుకుంటాయి. పబ్లిషర్‌ను 2026 అక్టోబరు నుంచి ఆపేస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించింది కాబట్టి, పాత ఆహ్వాన పత్రికలు ఆ రూపంలో దాచుకున్నవాళ్లు ఈ మాట గుర్తుపెట్టుకోండి. పీడీఎఫ్‌ను కూడా డ్రాలో తెరవచ్చు. అయితే ప్రతి లైనూ విడి ముక్కగా వస్తుంది, ఒక తేదీయో పేరో మార్చడానికి తప్ప పనికిరాదు.

ఎనిమిది దగ్గరే ఎందుకు ఆగానంటే, మాక్ వాళ్లు వర్డ్‌కు బదులు వాడే పేజెస్ ఫైళ్ల వల్ల. పాతవి కొన్ని తెరుచుకుంటాయి గానీ కొత్తవాటి మీద ఆశ పెట్టుకోవద్దు. అత్యవసరమైతే ఒక కిటుకుంది. ఫైలు పేరు చివర పేజెస్ తీసేసి జిప్ అని మార్చి తెరిస్తే లోపల సాధారణంగా ప్రివ్యూ అనే జేపెగ్ బొమ్మ ఉంటుంది, కనీసం మొదటి పేజీ కనిపిస్తుంది. వ్యాసం ఎవరిదో, దేని గురించో తెలుసుకోవడానికి అది చాలు. మొత్తం కావాలంటే ఆపిల్ ఖాతా తెరిచి ఐక్లౌడ్ సైటులో చూడవచ్చు. అంతకంటే పంపినాయన్నే ఫైల్ మెనూలో ఎక్స్‌పోర్ట్ టు నొక్కి వర్డ్‌గా పంపమనడం మేలు. అమెరికాలో పెద్ద ఉద్యోగాలు చేసే మా శిష్యులకు కూడా ఆ మెనూ నేనే చూపించాల్సి వస్తోంది, అది వేరే విషయం.

ఇంకో రెండు రకాలు లిబ్రేఆఫీస్ చేతిలో లేనివి, వాటికి దానికి మార్కులు తగ్గించలేదు. ఐఫోన్ ఫొటోలు హీక్ రూపంలో వస్తే విండోస్ 10లో చాలాసార్లు తెరుచుకోవు. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఆపిల్ ఈ పద్ధతికి మారింది. సెట్టింగ్స్‌లో కెమెరా, అందులో ఫార్మాట్స్, అక్కడ మోస్ట్ కంపాటిబుల్ పెట్టుకోమనండి. ఇకమీదట తీసేవి జేపెగ్‌లో వస్తాయి, ఇప్పటికే తీసినవి మారవు. మెయిల్ చేసేటప్పుడు ఫోన్ ఫొటో సైజు అడిగితే యాక్చువల్ సైజ్ ఎంచుకోమని కూడా చెప్పండి, స్మాల్ పెడితే అచ్చులో మొహాలు అలుక్కుపోతాయి.

రెండోది విన్‌మెయిల్ డాట్ డీఏటీ అనే వింత ఫైలు. అవుట్‌లుక్‌లో ఉత్తరాన్ని రిచ్ టెక్స్ట్ పద్ధతిలో పంపితే వ్యాసం, ఫొటో అన్నీ ఆ ఒక్క మూటలో దూరతాయి, అవుట్‌లుక్ లేనివాళ్లకు మూటే దక్కుతుంది. పంపినవాళ్లు ఉత్తరాన్ని హెచ్‌టీఎంఎల్ పద్ధతికి మార్చి మళ్లీ పంపితే సరిపోతుంది. మనవైపు ఏ తంటాలూ అక్కర్లేదు.

తిరిగి పంపేటప్పుడు ఒక జాగ్రత్త. కొత్త ఫైలును లిబ్రేఆఫీస్ ఓడీటీ అనే తన సొంత రూపంలో దాస్తుంది, అది చూసి అవతలివాళ్లు "ఇదేంటి మేడమ్, ఓపెన్ కావట్లేదు" అంటారు. టూల్స్‌లో ఆప్షన్స్, అందులో లోడ్ సేవ్, జనరల్‌లోకి వెళ్లి ఎప్పుడూ వర్డ్ రూపంలోనే దాచమని ఒకసారి చెప్పేస్తే చాలు. తెలుగు స్పెల్లింగ్ నిఘంటువు కూడా ఉంది గానీ, సంధి చేసిన మాట కనబడితే చాలు కింద ఎర్రగీత గీస్తుంది. నేను ఆపేసుకున్నాను.

పాత పేజ్‌మేకర్ కోసం విండోస్ 7ను అట్టిపెట్టుకున్న డీటీపీ సెంటర్లకు ఒక మాట: 25.8 వెర్షన్ నుంచి లిబ్రేఆఫీస్ అందులో పనిచేయదు, అంతకుముందు వెర్షన్లు వాళ్ల సైటులోనే పాతవాటి విభాగంలో ఉన్నాయి. ఫోన్లో చదివితే చాలనుకునేవాళ్లకు వర్డ్ ఫైళ్ల వరకు గూగుల్ డాక్స్ సరిపోతుంది. ఇలాంటిదే కావాలంటే లిబ్రేఆఫీస్ ఆధారంగా చేసిన కొలాబొరా ఆఫీస్ ఆండ్రాయిడ్‌కూ ఐఫోన్‌కూ ఉంది. ఆ చిన్న తెరమీద ప్రూఫులు దిద్దడం మాత్రం నా కళ్ల వల్ల కాదు.