డాక్టర్ గారి కారని నమ్మి వరద బురదలో మునిగిన కారు కొన్నాను, మీరు జాగ్రత్త

ముందే చెబుతున్నా, ఇది స్థిమితంగా కూర్చుని రాస్తున్నది కాదు. మధ్యాహ్నం వాళ్ల షోరూమ్ నుంచి వచ్చాను, ఇప్పటిదాకా అన్నం సయించలేదు. పేరు రాయొద్దని లాయరు అన్నాడు కాబట్టి రాయడం లేదు. అయినా హైదరాబాద్‌లో కారు రీల్స్ చూసే ప్రతివాడికీ వాళ్లెవరో తెలుసు. రోజుకో పాత కారుకి రిబ్బను కట్టి, డప్పుల మ్యూజిక్ పెట్టి, "ఫ్యామిలీ మొత్తం హ్యాపీ అన్నా" అని చూపిస్తారే, వాళ్లే. ఆ హ్యాపీ ఫ్యామిలీల్లో మాదీ ఒకటి. నీలం కారు ముందు పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నది నేనే.

విషయం గబగబా చెప్పేస్తా. కారు స్కోడా ఆక్టేవియా ఆర్‌ఎస్, 2018 మోడల్, తమిళనాడు నంబరు, నలభై ఆరు వేల కిలోమీటర్లు తిరిగింది. పదిహేను లక్షల నలభై వేలు పోశాను. మిగతా చోట్ల ఇదే కారుకి పదిహేడు, పద్దెనిమిది అడుగుతుంటే వీళ్ల దగ్గర తక్కువకి దొరికిందని లోపల్లోపల మురిసిపోయాను కూడా. మా ఆవిడ క్రెటా అంది. నేను ఆర్‌ఎస్ అన్నాను. ఆరు నెలలు వాదించి నెగ్గాను.

తెలియనివాళ్ల కోసం ఒక్క ముక్క. ఆర్‌ఎస్ 2017లో మన దేశంలోకి వచ్చినప్పుడు ఎక్స్ షోరూమ్ ధర దాదాపు పాతిక లక్షలు. పైకి మామూలు సెడాన్‌లా ఉంటుంది కానీ డిక్కీ తలుపు వెనక అద్దంతో సహా లేస్తుంది. లోపల 590 లీటర్ల చోటు. పాప సైకిలు, బాబు స్ట్రోలరు, అత్తగారు కట్టించే బియ్యం బస్తా, అన్నీ పడతాయి. ముందేమో రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, 230 పీఎస్ పవరు, 350 న్యూటన్ మీటర్ల టార్క్, ఆరు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్. సున్నా నుంచి వందకి 6.8 సెకన్లు. పిల్లల్ని స్కూల్లో దింపేదాకా బుద్ధిగా నడుస్తుంది, దింపాక మన ఇష్టం. ఇబ్బందులు లేవని కాదు. పెద్ద చక్రాలకి పల్చటి టైర్లు, మా కాలనీ స్పీడ్ బ్రేకర్ల మీద ఏటవాలుగా ఎక్కించాలి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ మొదటిసారి కూర్చుని "బావిలోకి దిగినట్టుందిరా" అంది. అయినా సరే, పెళ్లాం పిల్లలున్నవాడు సరదా చంపుకోకుండా కొనుక్కోగల కారు ఇదేనని ఇప్పటికీ అంటాను. తప్పు కారుది కాదు. అమ్మినవాడిది, కళ్లు మూసుకుని కొన్న నాది.

చూడ్డానికి వెళ్లిన రోజు షోరూమ్ ఓనరే స్వయంగా వచ్చి ఇరానీ చాయ్ తెప్పించాడు. "సింగిల్ ఓనర్ అన్నా, చెన్నైల డాక్టర్ సాబ్ బండి. ఫ్యామిలీకి గిసుంటి బండి దొర్కదు, పిల్లలు ఎన్కల పండుకోవచ్చు." మన దేశంలో అమ్మకానికి వచ్చిన పాత కార్లన్నీ డాక్టర్లవే, అందరూ ఆదివారాలు మాత్రమే నడిపినవారే. ఈ జోకు నేనే పది మందికి చెప్పి నవ్వాను. నా దగ్గర చెబితే మాత్రం నమ్మాను.

తలుపు తీయగానే మల్లెపూల సెంటు. ఏసీ వెంట్లకి రెండు, అద్దానికి వేలాడుతూ ఒకటి, సీటు కింద ఇంకో డబ్బా. "ఇంత సెంటు దేనికండీ?" అంది మా ఆవిడ. "లేడీస్ వస్తరు గదా మేడం" అన్నాడు అక్కడి కుర్రాడు. నేను నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తోంది.

టెస్ట్ డ్రైవ్‌లో ఔటర్ సర్వీస్ రోడ్డు ఎక్కి స్పోర్ట్ మోడ్‌లో పెట్టి తొక్కాను. అంతే, అక్కడే అయిపోయింది నా పని. ఆరు నెలల పాటు రాత్రుళ్లు ఈ కారు వీడియోలు చూసినవాడిని. ఏ గేరు ఏ స్పీడులో మారుతుందో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కాలి కింద మ్యాటు ఎత్తి చూడాలని మాత్రం తట్టలేదు. అక్కడికక్కడే యాభై వేలు బయానా ఇచ్చేశాను.

ఇన్సూరెన్స్ కాపీ చేతిలో పెట్టారు. ఎప్పటిదాకా ఉందో చూసుకున్నాను, మడిచి జేబులో పెట్టుకున్నాను. అదే కాగితం మీద నో క్లెయిమ్ బోనస్, అంటే క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, సున్నా అని ఉంది. ఆరేళ్లు నడిచిన కారు, ఒక్కడే ఓనరు, ఒక్క క్లెయిమూ లేకపోతే ఆ గడిలో 50 శాతం ఉండాలి. సున్నా ఉందంటే అంతకుముందు ఏదో జరిగిందేమోనని అనుమానించాలి. నేను ఆఫీసులో రోజంతా చేసేది లెక్కల్లో తప్పులు పట్టడమే. సిగ్గుగా ఉంది.

వినాయక చవితి మర్నాడు డెలివరీ. దండ, కొబ్బరికాయ, చక్రాల కింద నిమ్మకాయలు, వాళ్ల వీడియోగ్రాఫరు. ఆ హడావిడిలోనే డెలివరీ నోటు మీద నాలుగు చోట్ల సంతకాలు. పై రాష్ట్రం నంబరు కదా, అక్కడి ఆర్టీఓ ఇచ్చే అనుమతి పత్రం, ఎన్‌ఓసీ, రెండు వారాల్లో తెప్పిస్తామన్నారు. అది ఇప్పటికీ రాలేదు. అది వేరే కథ, దాని జోలికి ఇప్పుడు పోను.

రెండో వారం ఎయిర్‌బ్యాగ్ లైటు వెలిగింది. వాళ్లకే ఫోన్ చేశాను. "తీస్కరండి అన్నా, చిన్న పని" అన్నారు. వాళ్ల షెడ్డులో స్కానరు పెట్టి, పది నిమిషాల్లో లైటు ఆర్పేసి, డబ్బులు కూడా వద్దన్నారు. ఎంత మంచివాళ్లో అని ఇంటికొచ్చి చెప్పాను. వాళ్లు ఆర్పింది లైటుని మాత్రమేనని, లోపం లోపలే ఉందని తర్వాత తెలిసింది. ఆ మూడు వారాలూ వెనక చైల్డ్ సీటులో నా కొడుకు కూర్చున్నాడు. డబ్బు పోతే పోయింది, ఇది మాత్రం క్షమించలేను.

దసరా సెలవులకి బాపట్ల, మా అత్తగారి ఊరు బయల్దేరాం. తెల్లవారుజామున విజయవాడ హైవే మీద చౌటుప్పల్ దాటామో లేదో, డాష్‌బోర్డు మీద దీపావళి మొదలైంది. ఒక లైటు తర్వాత ఇంకోటి. గేరు గుర్తు మిణుకుమిణుకుమంది, కిటికీ అద్దం తనంతట తనే దిగింది, బండి ఆగిపోయింది. చినుకులు. పక్కనుంచి లారీలు. పిల్లల్ని రెయిలింగ్ అవతల నిలబెట్టి, టోయింగ్ బండి కోసం రెండు గంటలు ఎదురుచూశాం.

కంపెనీ సర్వీస్ సెంటర్‌లో సీట్లు ఊడదీసి కార్పెట్ ఎత్తారు. కింద ఎండిన ఒండ్రు మట్టి, పొరలు పొరలుగా. వైరింగ్ అంతా అక్కడి నుంచే పోతుంది కదా, కనెక్టర్లన్నీ పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. ఎయిర్‌బ్యాగ్ కంప్యూటరు ఉండేది కూడా మధ్యలో నేల మీదే, కన్సోల్ కింద. సీటు పట్టాలు తుప్పు. సర్వీస్ అడ్వైజరు మట్టిలోంచి ఏదో ఏరి నా అరచేతిలో పెట్టాడు. చిన్న నత్తగుల్ల.

చాసిస్ నంబరు కొట్టి చూస్తే మొత్తం బయటపడింది. 2023 డిసెంబరులో చెన్నైలో ఎస్టిమేట్ వేయించారు, సీట్ల దాకా నీళ్లు అని రాసుంది. ఆ తర్వాత కంపెనీ గడప మళ్లీ తొక్కలేదు. బాగుచేసే ఖర్చు ఐడీవీలో, అంటే పాలసీలో బండికి కట్టిన విలువలో, 75 శాతం దాటితే బీమా కంపెనీ టోటల్ లాస్ కింద లెక్కగడుతుంది. తుక్కు విలువ మినహాయించుకుని మిగతా డబ్బు ఇచ్చేస్తే బండి ఓనరు దగ్గరే ఉండిపోవచ్చు. ఆర్‌సీలో పేరు మారదు. కాబట్టి సింగిల్ ఓనర్ అన్న మాట అక్షరాలా నిజం! ఆ చెన్నై ఓనరు డాక్టరో కాదో నాకు తెలియదు, బండికి మాత్రం పోస్ట్‌మార్టం అయిపోయింది.

మిచాంగ్ తుపాను గుర్తుందా? చెన్నైని ముంచి, డిసెంబరు 5న బాపట్ల దగ్గరే తీరం దాటింది. మా మామగారి వరి చేను పడుకుంది ఆ తుపానుకే. అదే నీళ్లలో మునిగిన కారు పదిహేను లక్షలు పెట్టి కొని, అదే ఊరికి గొప్పగా చూపించడానికి బయల్దేరాను.

ఇవాళ మధ్యాహ్నం సంగతి. సర్వీస్ సెంటర్ వాళ్లు ఆరు లక్షల పైచిలుకు ఎస్టిమేట్ ఇచ్చారు. దాన్ని, ఫోటోల్ని, ఆ నత్తగుల్లని తీసుకుని ఆటోలో షోరూమ్‌కి వెళ్లాం. మా ఆవిడ, బాబు కూడా వచ్చారు. ఓనరు కుర్చీలోంచి లేవలేదు. చాయ్ లేదు. నేను కాగితాలు పరిచి, నత్తగుల్ల కూడా టేబుల్ మీద పెట్టాను. ఫోన్ చూసుకుంటూనే ఎడమ చేత్తో దాన్ని ఇలా మీటాడు. నేల మీద పడి ఎటో పోయింది. బాబు దానికోసం కుర్చీల కింద వెతకడం మొదలుపెట్టాడు.

"అన్నా, మీరు జూస్కొనే గదా తీస్కున్నరు. నోట్ మీద సైన్ గూడ జేసిన్రు." తిప్పి చూపించాడు. నిజమే, చివర్లో చిన్న అక్షరాల్లో ఉంది, బండి ఉన్నది ఉన్నట్టుగా తీసుకుంటున్నానని. ఫోటోకి ఎలా నిలబడాలా అని ఆలోచిస్తూ పెట్టిన సంతకం.

మునిగిన బండి అని మీకు తెలుసా తెలీదా, ఒక్క మాట చెప్పండి అన్నాను. జవాబు చెప్పలేదు. కుర్రాళ్ల వైపు చూసి నవ్వి, "ఫ్యామిలీ ఉన్నోళ్లకు గిసుంటి రేసింగ్ బండ్లెందుకన్నా? ఒక వ్యాగనార్ తీస్కొని సక్కగ నడుపుకోవాలె" అన్నాడు. కుర్రాళ్లు కూడా నవ్వారు. నెల క్రితం ఇదే నోరు, ఫ్యామిలీకి ఇంతకన్నా మంచి బండి దొరకదంది. నా భార్య ముందు, నా కొడుకు ముందు. నాకు ఒక్క మాట పెగల్లేదు. ఇప్పుడు రాస్తుంటే పదీ ఇరవై జవాబులు తడుతున్నాయి, అప్పుడు ఒక్కటీ రాలేదు.

మాట్లాడింది మా ఆవిడే. "క్రెటా అయినా, వ్యాగనార్ అయినా, మీ దగ్గర కొంటే నత్తలే కదండీ వచ్చేవి" అంది. ఆరు నెలలు క్రెటా కోసం పోట్లాడిన మనిషి. ఆటోలో ఇంటికొచ్చేదాకా "నేను చెప్పలేదా" అనే మాట ఒక్కసారి కూడా అనలేదు. అని ఉంటే బాగుండేది.

చివరికి వాడు విసిరిన బేరం ఏమిటంటే, "తొమ్మిదికి మేమే వాపస్ తీస్కుంటం." తీసుకుని ఏం చేస్తారో నాకు తెలుసు. మళ్లీ కడుగుతారు, మళ్లీ సెంటు కొడతారు. ఇవ్వనన్నాను. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో వేస్తున్నాం. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు కూడా నమోదు చేశాను. డబ్బు ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో.

సరే, కొనబోయేవాళ్లకి రెండు ముక్కలు. సీటు బెల్టు పూర్తిగా, చివరిదాకా లాగి చూడండి, నీటి మరక అక్కడ దాక్కుంటుంది. మ్యాటు కాదు, దాని కింద కార్పెట్ ఎత్తమనండి, ఎత్తనివ్వకపోతే లేచి వచ్చేయండి. బయానా ఇవ్వకముందే కంపెనీ సర్వీస్ సెంటర్‌లో బండి చరిత్ర అడిగించండి, మీ సొంత మెకానిక్కుకి చూపించండి. పాలసీలో బోనస్ గడి చూడండి. నేను ఇవేవీ చేయలేదు.

బయటికొస్తూ వాళ్ల లైను చూశాను. కొత్తగా దింపిన బండ్లు మూడు, మూడూ తమిళనాడు నంబర్లే, అందులో ఒకటి ఏడు సీట్లది. దాని తలుపులు తెరిచి ఎవరో భార్యాభర్తలు లోపల చూస్తున్నారు. గేటు దాకా వస్తోంది మల్లెపూల వాసన.