క్వాకిల్‌తో చాలా ఏళ్లు: స్క్రాబుల్‌లో ఏది వేయాలి, ఏది ఉంచుకోవాలి

స్క్రాబుల్‌ను పోటీగా ఆడాలంటే పదాలు తెలిస్తే సరిపోదు. చేతిలో ఉన్న ఏడు బిళ్ళలతో పది పదాలు కనబడుతున్నప్పుడు వాటిలో ఏది, ఎక్కడ వేయాలన్నది తేల్చుకోవాలి. పదాలకు జాబితాలున్నాయి, ఓపికగా కూర్చుంటే వస్తాయి. ఈ తేల్చుకోవడం నేర్పే గురువు దొరకడం మాత్రం మన ఊళ్లలో కష్టం. నాకు ఆ లోటు తీర్చింది క్వాకిల్ అనే కంప్యూటర్ ప్రోగ్రాం. చాలా ఏళ్లుగా ఆడిన ఆటలన్నీ దాని ముందు పెట్టి చూసుకుంటున్నాను కాబట్టి, అది ఎక్కడ నమ్మదగినదో, ఎక్కడ మన బుద్ధి మనం వాడుకోవాలో చెప్పగలననిపించింది.

జేసన్ కాట్జ్-బ్రౌన్, జాన్ ఓలాఫ్లిన్ మొదలైనవారు రాసిన ప్రోగ్రాం ఇది. పూర్తిగా ఉచితం, కోడ్ కూడా ఎవరైనా చూడవచ్చు. 2006లో టొరంటోలో 1995 నాటి ప్రపంచ విజేత డేవిడ్ బాయ్స్‌తో ఐదు ఆటల పోటీలో మొదటి రెండు ఆటలు ఓడిపోయి, తర్వాతి మూడూ గెలిచింది. అంతటి ఆటగాడు అడిగినప్పుడల్లా మన ఎత్తును తూచి చెబుతాడంటే అది చిన్న విషయం కాదు.

దాని దగ్గర నేను నేర్చుకున్న అతి ముఖ్యమైన సంగతి, మిగిలే బిళ్ళలకు విలువ కట్టడం. రమ్మీ ఆడేవారికి ఇది వెంటనే అర్థమవుతుంది: ఏ ముక్క పారేశామన్నదానికంటే చేతిలో ఏవి ఉంచుకున్నామన్నదే ఆటను నడిపిస్తుంది. ఒక ఎత్తుకు 28 పాయింట్లు వచ్చి యు, వి, ఐ మిగులుతాయనుకోండి. మరో ఎత్తుకు 22 వచ్చి ఈ, ఆర్, టీ మిగులుతాయి. పాయింట్లు చూసి సంబరపడే ఆటగాడు మొదటిది వేస్తాడు. క్వాకిల్ రెండోదాన్ని పైన పెడుతుంది. ఎందుకంటే ఏడు బిళ్ళలూ ఒకేసారి వేస్తే వచ్చే 50 పాయింట్ల బహుమతికి ఈ, ఆర్, టీ దారి తీస్తాయి, యు, వి, ఐ దారి మూస్తాయి. ప్రతి ఎత్తుకూ వచ్చే పాయింట్లకు ఈ మిగులు విలువను కలిపి ఒకే అంకెగా చూపిస్తుంది. ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్ళకు పాతిక పాయింట్ల పైమాటే కడుతుంది. అందుకే ఖాళీ బిళ్ళను ముప్పై పాయింట్ల పదంలో ఖర్చు చేయబోతే ఆ ఎత్తు జాబితాలో ఎక్కడో కిందకు జారిపోతుంది. ఎస్ విషయమూ ఇంతే. 1938లో ఈ ఆటకు రూపమిచ్చిన ఆల్‌ఫ్రెడ్ బట్స్ వంద బిళ్ళల్లో ఎస్‌లు నాలుగే పెట్టాడు. ఏడెనిమిది పాయింట్లు అదనంగా వస్తే తప్ప వాటిలో ఒకదాన్ని వదులుకోకూడదని చేతికి అలవాటు కావాలంటే ఈ అంకెలను పదే పదే చూడాలి.

బిళ్ళలు మార్చుకునే విషయంలో దీని పాఠం మరీ విలువైనది. సంచిలో ఏడు బిళ్ళలైనా ఉంటే మన బిళ్ళలు ఇచ్చి కొత్తవి తీసుకోవచ్చు. ఆ వంతుకు సున్నా పాయింట్లు. ఆ సున్నాకు జంకి, రెండు యులు, రెండు ఐలు, ఒక వి పట్టుకుని ఎనిమిది పాయింట్ల పదం వేసేవారిని చాలామందిని చూశాను. ఆ తర్వాతి రెండు మూడు వంతులూ అలాగే నీరసంగా సాగుతాయి. అలాంటి చోట మార్చుకోవడమే మేలని క్వాకిల్ నిర్మొహమాటంగా చెబుతుంది. ఈ ఒక్క ధైర్యం వచ్చినా ఆట స్థాయి పెరుగుతుంది.

ఇక అనుకరణ సంగతి. ఎంచుకున్న ఎత్తుల్లో ఒక్కొక్కదాన్నీ వేసి, కనబడని బిళ్ళల్లోంచి ప్రత్యర్థికి ఏవో ఏడు ఇచ్చి, అతని జవాబు, ఆపైన మన జవాబు ఆడి చూస్తుంది. ఇలా వందల సార్లు, వేల సార్లు ఆడి సగటు తీస్తుంది. పదం విలువను మూడింతలు చేసే గడికి దారి తెరిచే ఎత్తు ఎంత ప్రమాదమో ఇక్కడ బయటపడుతుంది. కానీ ఒకటి గమనించాలి: ప్రత్యర్థి బిళ్ళలను అది చీటీలు తీసినట్టు తీస్తుంది. నిజమైన ఆటలో, పోయిన వంతులో ఎదుటివారు రెండే బిళ్ళలు వేసి ఐదు దాచుకున్నారంటే ఆ ఐదూ మంచివై ఉంటాయని మనకు తెలుస్తుంది. దానికి తనంతట తాను తెలియదు. ఎదుటివారి దగ్గర ఉన్నాయని మనం ఊహించే అక్షరాలను రాసి ఇవ్వడానికి ప్రోగ్రాం తెర మీద ఒక గడి మాత్రం ఉంది. చాలామంది దాన్ని ముట్టుకోరు. నా దృష్టిలో ఈ ప్రోగ్రాంలో అన్నిటికంటే ఎక్కువ వాడవలసిన గడి అదే, ఎందుకంటే అది నింపడానికి ముందు ఎదుటి మనిషి గురించి ఆలోచించక తప్పదు.

గెలుపు శాతం అని మరో అంకె ఉంటుంది. పాయింట్ల తేడా, మిగిలిన బిళ్ళల సంఖ్య ఈ రెండింటినీ బట్టి ముందే తయారుచేసిన పట్టికలోంచి దాన్ని తీస్తుంది. బోర్డు తెరుచుకుని ఉందా, నాలుగు మూలలా బిగుసుకుపోయిందా అన్నది ఆ పట్టికకు పట్టదు. అరవై పాయింట్లు వెనకబడి, సంచిలో పది పన్నెండు బిళ్ళలు మాత్రమే ఉన్నప్పుడు మనకు కావలసింది పెద్ద పదం వేసే చోటు. అందుకోసం నాలుగు పాయింట్లు తక్కువ వచ్చినా బోర్డును తెరిచే ఎత్తే వేయాలి. ముందంజలో ఉంటే అదే చోటును మూసేయాలి. ఇలాంటి ఘట్టాల్లో దాని మాటను సలహాగా తీసుకుంటాను, తీర్పు నాదే.

అలాగే, దానికి తెలియని పదం లేదు కాబట్టి ఎదుటివారికి తెలియకపోవచ్చన్న లెక్క కూడా లేదు. కాలిన్స్ పదకోశంతో జరిగే పోటీల్లో ఎదుటివారి పదం చెల్లదని తప్పుగా సవాలు చేస్తే సాధారణంగా పోయేది ఐదు పాయింట్లే. ఉత్తర అమెరికా నియమాల్లో వంతే పోతుంది. అందువల్ల అక్కడ అపురూపమైన పదం వేస్తే సవాలు చేయడానికి ఎదుటివారు వెనకాడతారు, కాలిన్స్ పోటీల్లో వెనకాడరు. ఈ తేడా ఎత్తు ఎంపికను ఎంతగా మారుస్తుందో తోటి ఆటగాళ్లతో కూర్చుని మాట్లాడితేనే తెలుస్తుంది.

వాడే పద్ధతి గురించి ఒక మాట. ఆట అయిపోగానే జవాబులు చూసేయకండి. ప్రతి ఘట్టంలో ముందుగా మీకు తోచిన మూడు నాలుగు ఎత్తులు మీరే చేర్చి, ఏది మేలో మనసులో నిర్ణయించుకుని, ఆ తర్వాతే దాన్ని అడగండి. ఒకటి రెండు పాయింట్ల తేడాలకు బుర్ర పాడుచేసుకోనక్కరలేదు. పది పాయింట్లు దాటిన చోట ఆగి, కారణం దొరికేదాకా కదలకండి. నేనైతే అలాంటి ఘట్టాలను విడిగా ఒక పుస్తకంలో రాసుకుంటాను.

క్వాకిల్ తెర పాత కాలపు కంప్యూటర్‌ను తలపిస్తుంది, మొదట్లో ఏ మీట దేనికో తెలియక తికమకగా ఉంటుంది. ఫోనులో వాడుకునే రూపం లేకపోవడం పెద్ద లోటు. ఎదురుగా కూర్చుని ఆడిన ఆటను బిళ్ళబిళ్ళా ఎక్కించడానికి ఓపిక కావాలి. ఇంటర్నెట్లో స్క్రాబుల్ ఆడుకునే వూగిల్స్ సైట్లో ఆడిన ఆటలకు ఆ శ్రమ లేదు, అక్కడి నుంచి ఆట ఎత్తులన్నీ నమోదై ఉండే జీసీజీ ఫైలు దించుకుని నేరుగా ఇందులో తెరవవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవారు అక్కడ ఆడిన ఆటల్లో అతి తక్కువ తేడాతో ఓడిన ఒకదాన్ని తీసుకుని, సంచి ఖాళీ కావడానికి ముందు వేసిన నాలుగు ఎత్తులను మాత్రమే పరిశీలించడం మంచిది.