ఓఎస్ఎమ్ఎన్ఎక్స్ రివ్యూ: నగరం పెరిగేకొద్దీ వీధులు కలుస్తున్నాయా, విడిపోతున్నాయా?

నగరం అంచున కొత్త కాలనీలు లేచేకొద్దీ వీధుల మధ్య కలయిక తగ్గుతోందా అన్నది లెక్కతో తేల్చాలంటే ఓఎస్ఎమ్ఎన్ఎక్స్ చాలా మంచి సాధనం. జెఫ్ బోయింగ్ రూపొందించిన ఈ పైథాన్ లైబ్రరీ ఉచితం. వాలంటీర్లు గీసే ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ నుంచి వీధులను దింపుకుని, కూడళ్లు బిందువులుగా, వీధులు వాటిని కలిపే గీతలుగా ఉండే గ్రాఫ్‌గా మారుస్తుంది.

మొదట చూడాల్సింది కూడలికి సగటున ఎన్ని వీధులన్నది. దారి ఆగిపోయే చివరలూ ఇందులో లెక్కకొస్తాయి. గళ్ల వీధులైతే 4కు దగ్గరగా, కొమ్మల్లా చీలి ఆగిపోయే వీధులైతే 2 దగ్గర వస్తుంది. హద్దు చుట్టూ 500 మీటర్లు అదనంగా తెచ్చుకుని, వీధులు లెక్కపెట్టాక కత్తిరించడం దీనిలో నాకు బాగా నచ్చింది. మీరే కత్తిరించి, ఆ తర్వాత మళ్లీ లెక్కిస్తే అంచున నిజానికి లేని డెడ్ ఎండ్లు పుట్టుకొస్తాయి.

డివైడర్ ఉన్న రెండు రోడ్లు కలిసేచోట ఒక్క కూడలే నాలుగుగా నమోదవుతుంది. ముందు గ్రాఫ్‌ను మీటర్లలోకి ప్రొజెక్ట్ చేసి, తర్వాత దగ్గరి బిందువులను ఒకటి చేసే కన్సాలిడేట్ ఇంటర్‌సెక్షన్స్ ఫంక్షన్‌ను టాలరెన్స్ 10తో నడపండి. ఇది ఒక్కో బిందువు చుట్టూ తీసుకునే వ్యాసార్ధం, కాబట్టి 20 మీటర్ల లోపు బిందువులు కలిసిపోతాయి. ఇంకా పెంచితే ఎదురుబొదురుగా కాస్త ఎడంగా, మూడేసి దారులతో ఉన్న రెండు కూడళ్లు కలిసి ఒక నాలుగు దారుల కూడలి అవుతుంది. అసలు లేని కనెక్టివిటీ ఉన్నట్టు తేలుతుంది. ప్రొజెక్ట్ చేయడం మరిచారా, ఆ 10 డిగ్రీలైపోతుంది.

సర్క్యూయిటీ (వంకర) సగటును మాత్రం నమ్ముకోకండి. అది ఒక్కో వీధి ముక్క వంకరను మాత్రమే కొలుస్తుంది. తిన్నగా ఉన్న డెడ్ ఎండ్‌కు కూడా 1.0 ఇస్తుంది. గోడకు అటూ ఇటూ ఉన్న రెండు ఇళ్ల మధ్య ఎంత చుట్టు తిరగాలో తెలియాలంటే, బిందువుల జతలు తీసుకుని షార్టెస్ట్ పాత్ పొడవును సరళరేఖా దూరంతో భాగించాలి. స్ప్రాల్ (నగరం అడ్డదిడ్డంగా విస్తరించడం) అసలు రూపం అక్కడే బయటపడుతుంది.

పెద్ద లోటు కాలం. పాత తేదీ పెట్టి డేటా అడగొచ్చు, కానీ వచ్చేది ఆనాటి మ్యాపు, ఆనాటి నగరం కాదు. 2015లో గీసిన వీధి ఎప్పుడో వేసినదై ఉండొచ్చు. పరిశోధకులు బారింగ్టన్-లీ, మిల్లార్డ్-బాల్ వీధులను అవి పుట్టిన కాలాన్ని బట్టి విడదీశారు కాబట్టే, అమెరికాలో వీధులు ఇలా తెగిపోవడం 1994 ప్రాంతంలో గరిష్ఠానికి చేరి తర్వాత తగ్గిందని 2015లో చూపగలిగారు. మీరైతే ఉపగ్రహ చిత్రాల నుంచి కట్టడాలను గుర్తించిన జీహెచ్ఎస్ఎల్ బిల్ట్-అప్ పొరలు తెచ్చి, 1975, 1990, 2000 నాటికి కట్టడాలున్న ప్రాంతాలుగా కూడళ్లను విడదీసి పోల్చండి.

గేటెడ్ కాలనీల విషయంలో ఒక జాగ్రత్త: వీధులు దింపుకునేటప్పుడు ఎంచుకునే రకాల్లో 'డ్రైవ్' ప్రైవేటు వీధులను వదిలేస్తుంది. 2.0 వెర్షన్ నుంచి 'ఆల్' వాటినీ తెస్తుంది, 'ఆల్ పబ్లిక్' తీసేస్తుంది. పాత స్క్రిప్టులు వాడేవాళ్లు ఈ మార్పు చూసుకోవాలి.