ఇంట్లో చల్లటి బెర్రీ మూస్: ఏళ్లుగా చేస్తున్న పద్ధతి మీద నా సమీక్ష

బెర్రీల గుజ్జు, కొట్టిన క్రీమ్, అది బిగుసుకోవడానికి కొద్దిగా జెలటిన్. ఈ మూడింటితో చేసే మూస్, అంటే నురుగులా తేలిగ్గా ఉండే చల్లటి తీపి వంటకం, చాలా ఏళ్లుగా మా ఇంట్లో నడుస్తోంది. పచ్చి తెల్లసొన గిలక్కొట్టి కలిపే పాత పద్ధతిలో మూస్ ఇంకా తేలిగ్గా వస్తుంది, నిజమే. కానీ గుడ్డు ఉడకని వంటకంలో కడుపు పాడుచేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా భయం ఉంటుంది. పిల్లలు, గర్భిణులు తినేచోట నేను దాని జోలికి పోను.

కొలతలు ఇవి: 300 గ్రాముల బెర్రీలు, 60 గ్రాముల చక్కెర, 6 గ్రాముల జెలటిన్ పొడి, అది నానడానికి 30 మి.లీ. చల్లటి నీళ్లు, 250 మి.లీ. క్రీమ్, ఒక చెంచా నిమ్మరసం. ఆరు చిన్న గిన్నెలు నిండుతాయి.

ఈ పనికి తాజా పండ్లకన్నా గడ్డకట్టించినవే నాకు ఎక్కువ నచ్చాయి. లోపలి నీరు మంచుగా మారేటప్పుడు పండులోని కణాల గోడలు చీలిపోతాయి కాబట్టి, కరిగించగానే రసం తనంతట తనే బయటికొస్తుంది. ఆ రసం పారబోయకండి, రుచంతా అందులోనే ఉంది. చక్కెర వేసి ఒక నిమిషం బాగా మరిగించి, మెత్తగా తిప్పి, సన్నటి జల్లెడలో వడకట్టాలి. ఈ పద్ధతిలో నాకు విసుగు పుట్టించేది ఈ వడకట్టడమే. అయినా రాస్ప్‌బెర్రీ, బ్లాక్‌బెర్రీలకు అది తప్పదు. గింజలు పంటికి తగిలితే అది మూస్ కాదు. స్ట్రాబెర్రీకి వడకట్టకపోయినా నడుస్తుంది.

నానిన జెలటిన్‌ను వేడి గుజ్జులో వేసి కరిగించాలి గానీ, వేశాక మరిగించకూడదు; దాని పట్టు తగ్గుతుంది. నిమ్మరసం కూడా పొయ్యి మీద నుంచి దించాకే వేయాలి. పులుపుతో పాటు రంగునూ అదే కాపాడుతుంది. బెర్రీల ఎరుపుకు కారణమైన ఆంథోసయనిన్లు పులుపు ఉంటేనే ఎర్రగా నిలుస్తాయి. బ్లూబెర్రీ గుజ్జు క్రీమ్‌లో కలిసి బూడిదరంగుకు తిరుగుతుంటే, ఇంకో అరచెంచా నిమ్మరసం పిండి చూడండి.

క్రీమ్ విషయంలో మాత్రం రాజీ వద్దు. కొవ్వు 30 శాతానికి తగ్గితే ఎంత కొట్టినా నిలవదు. నేను 35 శాతం ఉన్నదే తీసుకుంటాను. క్రీమ్, గిన్నె, బీటర్ అన్నీ చల్లగా ఉండాలి. గాలి బుడగల చుట్టూ గోడలా నిలబడేది గట్టిగా ఉన్న కొవ్వే కదా! బీటర్ ఎత్తినప్పుడు కొన మెత్తగా వంగితే అక్కడితో ఆపేయాలి. గట్టిగా నిలబడేదాకా కొడితే, తర్వాత కలిపేటప్పుడు పలుకులు పలుకులుగా అయిపోతుంది. వనస్పతి కొవ్వుతో వచ్చే క్రీమ్ ఎంతసేపైనా నిలుస్తుంది గానీ, తిన్నాక అంగిలికి జిడ్డు అంటుకుని ఉంటుంది. నాకు నచ్చలేదు.

అసలు కీలకం గుజ్జునూ క్రీమ్‌నూ కలిపే క్షణంలో ఉంది. గుజ్జు వేడిగా ఉంటే కొవ్వు కరిగి, కొట్టిన గాలంతా పోతుంది. మరీ చల్లబడితే క్రీమ్ తగలగానే జెలటిన్ ఉండలు కట్టేస్తుంది. 25 నుంచి 30 డిగ్రీల మధ్య కలిపితే ఏ ఇబ్బందీ లేదు. థర్మామీటర్ లేకపోతే గిన్నె అడుగున చెయ్యి పెట్టి చూడండి, వెచ్చదనం అసలు తెలియకూడదు. ముందు మూడో వంతు క్రీమ్ వేసి భయపడకుండా కలిపేయండి. మిగతాది వేశాక గరిటెను అడుగు నుంచి పైకి తిప్పుతూ, తెల్లటి చారలు పోయేదాకా మాత్రమే కలపాలి.

జెలటిన్ జంతువుల చర్మం, ఎముకల నుంచి వస్తుంది కాబట్టి శాకాహారులకు సముద్రపు నాచు నుంచి తీసే అగర్ అగర్‌తో చేస్తాను. దాన్ని జెలటిన్ బదులు అలాగే వేసేస్తే కుదరదు. అది కరగాలంటే గుజ్జుతో పాటే మరగాలి. 40 డిగ్రీలకు అటూ ఇటూగా బిగుసుకుంటుంది, అంటే క్రీమ్ కలిపే సమయానికి గుజ్జు ముక్కలా అయిపోతుంది. అందుకే గుజ్జును పూర్తిగా బిగుసుకోనిచ్చి, మిక్సీలో నున్నగా తిప్పి, ఆ తర్వాత క్రీమ్ కలుపుతాను. ఇంత గుజ్జుకు 2 గ్రాములు చాలు. రుచిగానే ఉంటుంది. కానీ జెలటిన్ 35 డిగ్రీల దగ్గర, అంటే నోటి వేడికే కరిగిపోతుంది. ఆ హాయి అగర్‌తో రాదు.

ఫ్రిజ్‌లో కనీసం నాలుగు గంటలు ఉండాలి, రాత్రంతా ఉంటే ఇంకా మంచిది. వాసనలు పట్టకుండా మూత పెట్టండి. రెండు రోజులు చక్కగా ఉంటుంది, ఆ తర్వాత అడుగున నీరు ఊరడం మొదలవుతుంది. అంతకన్నా ముందే చేసి పెట్టుకోవాలంటే ఫ్రీజర్‌లో ఉంచి, తినే ముందు రోజు రాత్రి ఫ్రిజ్‌లోకి మార్చండి.