పత్తి పురుగు పరిణామం: కథగా చెబితే మేలా, లెక్క వేస్తే మేలా?

బీటీ పత్తి అంటే పురుగును చంపే విషాన్ని తనలో తానే తయారుచేసుకునే పత్తి. మా చండూరు వైపు దాని ప్యాకెట్‌తో 120 గ్రాముల నాన్ బీటీ, అంటే ఆ విషం లేని, విత్తనాలు కూడా వచ్చేవి. ఐదో వంతు నేలలో గానీ, చేను చుట్టూ ఐదు సాళ్లు గానీ, ఏది ఎక్కువైతే అంత వాటిని వేయాల్సి ఉండేది. మా పెద్దనాయన వాటిని గట్టు మీదే వదిలేసేవాడు. "పురుగుకు మేతెందుకు పెట్టాలెరా?" అనేవాడు.

ఎందుకు పెట్టాలో ఆయనకు మొదట కథలాగే చెప్పాను. విషానికి తట్టుకున్న పురుగులే మిగులుతాయి, వాటి పిల్లలే చేనంతా నిండుతాయి అని. 1859లో డార్విన్ కూడా ఎక్కువగా మాటల్లోనే చెప్పాడు. అందులో తప్పేం లేదు. కానీ ఐదు సాళ్ల వల్ల ఏం మారుతుందో ఈ కథలో దొరకదు.

దాని జవాబు లెక్కలో ఉంది. తట్టుకునే జన్యువు వెయ్యికి ఒకటి ఉందనుకుందాం. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండూ అదే వస్తేనే గులాబీ పురుగు (పత్తి కాయను తొలిచే పురుగు) బీటీ మీద బతుకుతుంది. అంటే 10 లక్షల్లో ఒకటి. నాన్ బీటీ లేకపోతే మిగిలిన అలాంటివే జతకడతాయి, మరుసటి తరం మొత్తం తట్టుకునేదే. ఐదో వంతు నాన్ బీటీ ఉంటే, బీటీ ఉన్న నాలుగు వంతుల్లో 10 లక్షల పురుగులకు లెక్కన అక్కడ 2.5 లక్షల మామూలు పురుగులు బతికి, ఆ ఒక్కదాన్ని తమలో కలిపేసుకుంటాయి. వెయ్యికి 1 ఉన్న జన్యువు 1.004 అవుతుంది, అంతే.

అందుకే నా ఓటు లెక్కకే. అయితే కాయ కోసి చూడకుండా వేసిన లెక్కను నేను నమ్మను. మనం వేసేది హైబ్రిడ్. బీటీ జన్యువు ఒక్కటే ఉన్న రకమైతే, దాని కాయలోని గింజల్లో నాలుగో వంతుకు విషమే ఉండదు. గులాబీ పురుగు తినేది ఆ గింజలనే. విషం తక్కువగా అందితే, తట్టుకునే జన్యువు ఒక్కటే ఉన్న పురుగు కూడా బతకవచ్చు. అప్పుడు పై లెక్క తప్పుతుంది. 2002లో మన దేశానికి వచ్చిన మొదటి బీటీని గుజరాత్‌లో ఈ పురుగు తట్టుకుంటోందని 2010 కల్లా బయటపడింది.

ఇదంతా విని పెద్దనాయన అడిగాడు: "ఊరంత ఎయ్యకపోతే నా ఒక్కని సాళ్లతోని ఏమైతది?"

మళ్లీ పెన్ను తీశాను. 50 మంది తలా 2 ఎకరాలు వేసే ఊళ్లో ఆయనొక్కడే ఐదో వంతు వదిలితే, ఒక్క తరంలోనే వెయ్యికి 1 కాస్తా 1.25 అవుతుంది. ఒక్క పంటకాలంలోనే పురుగుకు కొన్ని తరాలు గడుస్తాయి.